బాగా ఏడ్చిందండి

నరేందర్ ఉద్యోగం తప్పులు పట్టడం. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ బృందానికి అతను లీడ్. ఇతరులు రాసిన ప్రోగ్రామును అన్ని రకాలుగా వాడి చూసి, అది ఎక్కడ మొరాయిస్తోందో రాసి పంపాలి. రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఏం చేశాం, ఏం జరిగింది, ఏం జరగాలి. వీటిలో ఏది లేకపోయినా నరేందర్ ఆ రిపోర్టును వెనక్కి కొడతాడు. "చూసింది రాయి. నీకేమనిపించిందో ఎవరడిగారు?" అన్నది కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ అతని దగ్గర తినే మొదటి చీవాటు. క్యాంటీన్లో ఆ మాటను అతని గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళున్నారు. అది అతనికి తెలుసు. లోపల్లోపల ఇష్టమే.

పుట్టింది దూరమేమీ కాదు, ఆఫీసు మేడ మీద నుంచి చూస్తే కనిపించే గోపనపల్లి. ఇప్పుడది అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కున్న కొన్ని ఇరుకు వీధులు. తండ్రి పోచయ్య బండలు కొట్టేవాడు. నరేందర్ ఇంటర్‌లో ఉండగా పోయాడు. తల్లి సత్తెమ్మ బర్రెలు పెట్టుకుని, లింగంపల్లి దాకా నడిచి ఇంటింటికీ పాలు పోసి, కొడుకును ఎం.సి.ఏ. దాకా చదివించింది. ఇప్పుడు నల్లగండ్లలో కొడుకు ఫ్లాటులోనే ఉంటుంది. కోడలు రజిత బ్యాంకులో పనిచేస్తుంది. పగలంతా సత్తెమ్మ ఒక్కతే. లిఫ్టు ముందున్న వరండాలో చాప వేసుకుని ఆకుకూర ఒలిచేది. పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారోనని నరేందర్ ఒకరోజు చాప లోపలికి తీసుకొచ్చాడు. అప్పట్నుంచి ఆమె వంటింట్లో కూర్చుని ఒలుస్తోంది.

అతనికి మాట రెండు రకాలు. ఇంట్లో తల్లితో మాట్లాడేది గోపనపల్లి మాట. గడప దాటాక వేరే. ఆఫీసులో చేరిన కొత్తల్లో కోస్తా నుంచి వచ్చిన సహోద్యోగులు ఎగతాళి చేస్తే నేర్చుకున్నాడు, ప్రతి మాట చివరా 'అండి' పెట్టడం. పదిహేనేళ్ళు దాటినా అది అతని నోట్లో ఇస్త్రీ చొక్కాలాగే ఉంటుంది, ఒంటికి పట్టినట్టు ఉండదు.

సత్తెమ్మకు కుడి మోచేతి దగ్గర నొప్పి మొదలైంది వానాకాలంలో. మోచేయి నుంచి చిటికెనవేలి దాకా ఎవరో దారం పెట్టి గుంజినట్టు ఉందనేది. కొన్నాళ్ళకు చిటికెనవేలు, దాని పక్క వేలు మొద్దుబారాయి. చీమలు పాకినట్టుందంది. తర్వాత చీమలు కూడా పోయాయంది. చేతిలోంచి గ్లాసులు జారడం మొదలైంది. కాలనీలోని డాక్టరు షుగరు పరీక్ష చేయించాడు. షుగరు లేదు. బలానికి సూదులు వేశాడు, నొప్పికి మాత్రలిచ్చాడు. మాత్ర ఉన్నంతసేపు తగ్గేది.

అప్పుడు వచ్చింది అనసూయమ్మ. సత్తెమ్మకు అక్క, నరేందర్‌కు పెద్దమ్మ. గోపనపల్లిలోనే ఉంటుంది. చిన్నప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళు ఒకే వాడలో, ఒకే కుండలో తిని పెరిగారు.

"నరం పట్టుకున్నది. గీ మందుగోళీలతోని పోదది," అంది సత్తెమ్మ చేతిని ఇటూ అటూ తిప్పి చూసి. "సుర్కలు పెట్టిస్తె పోతది. మన ఎల్లయ్య నడుము గట్లనే పోయింది కద."

"పెద్దమ్మా, ఈ కాలంల ఇనుము కాల్చి సుర్కలు పెట్టుడేంది?" అన్నాడు నరేందర్.

"నీ కాలంల ఏం తగ్గింది మరి? చెప్పు. మీ అమ్మ చెయ్యి పట్టుకొని ఏడ్వబట్టె. నీ కంప్యూటరేమన్న నొప్పి తీస్తదా?"

నరేందర్ రెండు వారాలు కాదన్నాడు. ఒక శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి సత్తెమ్మ వంటింటి బండ మీద మోచేయి ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. అరుపు బయటికి రాకూడదని. మర్నాడు పొద్దున్నే తల్లినీ పెద్దమ్మనూ ఎక్కించుకుని కారు తీశాడు. రజితతో సంగారెడ్డిలో మంచి ఆయుర్వేదం డాక్టరున్నాడట అన్నాడు. కారు అద్దానికి వేలాడుతున్న ఆఫీసు ఐడీ కార్డు తీసి డాష్‌బోర్డులో పెట్టి మూత వేశాడు.

శంకర్‌పల్లి దాటాక ఒక పల్లె. రేకుల కొట్టం ముందు జనం ఉన్నారు. కార్లలో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, అది చూసి నరేందర్‌కు కొంచెం ఊరట కలిగింది. కొలిమిలో ఇనుప సలాకలు ఎర్రగా కాలుతున్నాయి. సుర్కలు పెట్టే ముసలాయన ఎవరినీ ఏమీ అడగడు. నొప్పి ఎక్కడో చూపిస్తే చాలు. సత్తెమ్మ కంటే ముందు ఒక లారీ డ్రైవరు కూర్చున్నాడు. గోడలా ఉన్నాడు. సలాక వీపు మీద పడగానే "అమ్మో" అని అరిచిన అరుపుకు చెట్టు మీద కాకులు లేచాయి.

సత్తెమ్మ కూర్చుంది. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా, చిటికెనవేలి వైపు, వరసగా వాతలు పెట్టాడు. నరేందర్ ఆమె ఎడమచేయి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అరుపు కోసం ఎదురుచూశాడు. రాలేదు. కాలిన తోలు వాసన వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ఆమె కొలిమి వైపు చూస్తోంది, ఎవరి చేతికో జరుగుతున్నట్టు.

ముసలాయన సలాక పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "ఇంతమందికి పెట్టిన గని, గిసుంటి మనిషిని సూడలే. గుండె రాయి తల్లీ నీది."

లారీ డ్రైవరు సిగ్గుపడి చొక్కా తొడుక్కున్నాడు. ఆడవాళ్ళు దగ్గరికొచ్చి సత్తెమ్మను చూశారు. అనసూయమ్మ మొహం వెలిగిపోయింది. "మా చెల్లె. మొగడు పోయినంక ఒక్కతే బర్రెలు కాసి కొడుకును ఇంజినీరు చేసింది," అని అడగనివాళ్ళకు కూడా చెప్పింది. సత్తెమ్మ తల దించుకుని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నరేందర్ ఎప్పుడూ చూడలేదు. తిరుగు దారిలో అతనికి కూడా గర్వంగానే ఉంది.

నొప్పి పోలేదు. వాతలు మానడానికి చాలా కాలం పట్టింది. రజిత చూసి విషయం రాబట్టింది. "ఇంగ్లీషుల మెయిల్స్ రాస్తవ్, సుర్కలు పెట్టిస్తవ్. శాబాష్," అంది. ఆ ఒక్క మాటే. తర్వాత ఇన్సూరెన్సు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కంపెనీ ఇచ్చిన పాలసీలో తల్లి పేరు కూడా ఉంది.

ఆసుపత్రి ఐటీ కంపెనీల మధ్యనే ఉంది. అద్దాలు, లోపల కాఫీ దుకాణం, మెత్తటి సోఫాలు. సత్తెమ్మ సోఫా అంచున కూర్చుంది. లిఫ్టు తెరుచుకుని రవికిరణ్ బయటికి రావడం నరేందర్ దూరం నుంచే చూశాడు. రవికిరణ్ అతని మేనేజరు.

"అమ్మా, చెయ్యి కొంగుల పెట్టుకో," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమెకు అర్థం కాలేదు. అతనే వంగి కొంగు లాగి వాతల మీద కప్పాడు.

"నరేందర్ గారూ! ఏంటండి, ఇక్కడ?"

"మా మదరండి. మెడ నొప్పండి. స్పాండిలైటిస్."

ఇక్కడి డాక్టరు ఇంకా చూడనే లేదు. రోగం పేరు అతనే పెట్టేశాడు. రవికిరణ్ సత్తెమ్మకు నమస్కారం పెట్టాడు. తిరిగి నమస్కారం పెట్టాలంటే రెండు చేతులూ బయటికి తీయాలి. ఆమె కొడుకు వైపు చూసి, తల మాత్రం ఊపింది.

నరాల డాక్టరు ప్రవీణ భీమవరం వైపు మనిషి. తొందరపడేది కాదు. సత్తెమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, దూదితో, గుండుసూదితో వేళ్ళ మీద తాకి చూసింది. చిటికెనవేలి దగ్గర తెలియడం లేదని రాసుకుంది. కొంగు తొలగించింది.

"ఇవేంటండి, ఈ మచ్చలు?"

సత్తెమ్మ నోరు తెరిచింది. నరేందర్ ముందే అన్నాడు: "నూనె పడిందండి. పూరీలు చేస్తుంటే."

"ఇంత వరసగానా?"

"చెయ్యి జారి... చేతి మీదుగా కారిందండి."

డాక్టరు మచ్చల మీద వేలు పెట్టి సత్తెమ్మను అడిగింది. "అమ్మా, కాలినప్పుడు మంట తెలిసిందా? నొప్పి పుట్టిందా?"

ఈ ప్రశ్న ఎందుకు అడిగిందో నరేందర్ ఆలోచించలేదు. నూనె పడితే మనిషి ఏడుస్తాడు కదా. ఏడవలేదంటే అబద్ధం బయటపడుతుంది. అంతే అనుకున్నాడు.

"బాగా ఏడ్చిందండి," అన్నాడు. "ఆ రోజంతా ఏడుస్తూనే ఉందండి."

సత్తెమ్మ కొడుకు మొహం చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి తల ఊపింది. "అవును బిడ్డా. మస్తు ఏడ్చిన."

డాక్టరు అనుమానం ఏదైనా ఉంటే అక్కడితో పోయింది. మెడకు ఎమ్మారై రాసింది. ఆ వయసులో ఎవరి మెడ తీసినా ఏదో ఒకటి కనిపిస్తుంది. సత్తెమ్మ మెడలో కూడా ఒక పూస కొంచెం జరిగి ఉంది. నరేందర్ పెట్టిన పేరే కాగితం మీదికి వచ్చింది. మెడకు పట్టీ, నొప్పికి మాత్రలు, ఫిజియోథెరపీ. నరాల్లో కరెంటు ఎలా పారుతోందో చూసే పరీక్షలో మోచేతి దగ్గర నరం బలహీనంగా ఉందని వచ్చింది. "అక్కడ కూడా నొక్కుకుపోయినట్టుంది. తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఆలోచిద్దాం," అంది డాక్టరు.

సత్తెమ్మ మెడకు పట్టీ వేసుకుని వంట చేసేది. మాత్రలకు నిద్ర పట్టేది, పగలు కూడా తూలేది. వేళ్ళు మాత్రం మెల్లగా లోపలికి ముడుచుకుంటున్నాయి. అన్నం కలిపితే చిటికెనవేలు, పక్క వేలు అరచేతిలోకి వంగి అడ్డం పడేవి. ఆమె ఎడమచేత్తో వాటిని తెరిచి పట్టుకునేది, ఎవరూ చూడనప్పుడు.

రజిత చూసింది. ఒక ఆదివారం పొద్దున సత్తెమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. రజిత చాయ్ కోసం వంటింట్లోకి వెళ్ళి, పెనం దగ్గర ఆగిపోయింది. అత్తగారి చిటికెనవేలి చివర పెనానికి ఆని ఉంది. ఆమె రొట్టె తిప్పుతూ, ఏదో మాట్లాడుతూనే ఉంది.

"అత్తమ్మా! వేలు!"

సత్తెమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసింది. కాలిందని కాదు, రజిత అరిచిందని. వేలి కొన తెల్లగా ఉడికిపోయి ఉంది. ఆమె దాన్ని చూసి, చీర కొంగులో చుట్టుకుంది.

"ఏం కాలే, ఊకో. తెల్లారంగ నీకు పరేషాన్."

రజిత గదిలోకి వెళ్ళి మొగుణ్ణి లేపింది. "సుర్కలు పెట్టినప్పుడు అత్తమ్మ ఏడ్చిందా?"

"ఏడ్వలే. అందరు ఎంత మెచ్చుకున్నరో తెలుసా?"

"మెచ్చుకున్న సంగతి నేను అడుగలే. నొప్పి పుట్టిందా లేదా?"

నరేందర్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. తల్లి రెండో రొట్టె పెనం మీద వేసి ఉంది.

"అమ్మా. ఆ రోజు సుర్కలు పెట్టినప్పుడు నీకు తెలిసిందా?"

సత్తెమ్మ పొయ్యి తగ్గించింది. చాలాసేపు రొట్టె అంచులు సరిచేసింది.

"తెల్వలే," అంది. "వాసనొచ్చింది. పొగ కనవడ్డది. సెగ గిట్ల ఏం తెల్వలే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? అందరు గుండె రాయి, గుండె రాయి అనవట్టిరి. అక్క నవ్వవట్టె. నువ్వు గూడ నన్ను గట్ల సూడవడితివి." ఆమె కొడుకు వైపు చూడకుండానే అంది. "నన్ను ఎవలన్న మెచ్చుకున్నరా ఎప్పుడన్న? నాకు తెల్వనే తెల్వలే అంటె అందరు నవ్వరా?"

మళ్ళీ తనే అంది. "దవాఖానల నువ్వు ఏడ్చింది అంటివి. సదువుకున్నోనివి, ఎందుకో అన్నవ్ అనుకున్న. నీ మాట తీసేస్తె నీ ఇజ్జత్ ఏముంటది?"

రొట్టె మాడింది. ఆ రోజు ఎవరూ తినలేదు.

మర్నాడు డాక్టరు గది బయట నరేందర్ చాలాసేపు నిలబడ్డాడు. రజిత కూడా సెలవు పెట్టి వచ్చింది. లోపలికి వెళ్ళాక డాక్టరు కొత్త మాత్ర గురించి ఏదో చెప్పబోతుంటే అతను మధ్యలో ఆపాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి అతనికి చేతనైన పద్ధతిలోనే వచ్చింది.

"మేడం, అది నూనె కాదు. నేనే తీసుకపోయి వాతలు పెట్టించిన. ఎర్రగ కాల్చిన ఇనుముతోని పెట్టిండు. అమ్మకు నొప్పి పుట్టలే." ఆగాడు. "పుట్టాలె కద."

ఏం చేశాం, ఏం జరిగింది, ఏం జరగాలి. 'అండి' ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు.

డాక్టరు మొహంలో మొదట కోపం కనిపించింది. అతను దానికోసమే ఎదురుచూశాడు. ఆమె ఏదో అనబోయే లోపల సత్తెమ్మ కల్పించుకుంది.

"నా కొడుకునేం అనకు బిడ్డా. నేనే చెప్పొద్దన్న. సిగ్గైతదని."

నరేందర్ తల ఎత్తలేకపోయాడు. తన అబద్ధాన్ని కప్పడానికి తల్లి ఇంకో అబద్ధం ఆడుతోంది, ఆ ముడుచుకున్న చేయి ఒళ్ళో పెట్టుకుని. ఇదీ అబద్ధమని రజితకు కూడా తెలుసు. రజిత గోడ మీద క్యాలెండరు చూస్తోంది.

"లేదు మేడం. అమ్మ చెప్పొద్దనలే," అన్నాడు. "నేనే."

ప్రవీణ దీపం దగ్గరికి జరిపి, వాతల మీద కాదు, వాతల మధ్య చర్మాన్ని చూసింది. అక్కడ చర్మం చుట్టుపక్కల కంటే పాలిపోయి, పొడిగా ఉంది. వెంట్రుక లేదు. గుండుసూదితో తాకింది. సత్తెమ్మ ఎటో చూస్తోంది. ఇంకొంచెం గుచ్చింది. చూపు మారలేదు. తర్వాత మోచేతి వెనక వేళ్ళు పెట్టి నెమ్మదిగా తడిమింది. రెండో మోచేయి కూడా తడిమి పోల్చుకుంది. కుడివైపు నరం తాడులా లావుగా ఉంది. అక్కడ నొక్కగానే సత్తెమ్మ "అబ్బా" అని చెయ్యి లాక్కుంది.

"ఈ పాలిపోయిన మచ్చ వాతలకంటే ముందు నుంచి ఉందా అమ్మా?"

"ఉండె. శోభి అనుకున్నం."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలింది. "నేను మొదటిరోజే ఈ నరం పట్టి చూసుండాల్సింది. మెడ మీద పడ్డాను," అంది. తర్వాత రోగం పేరు చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది. సత్తెమ్మకు అర్థం కాలేదు. రజిత మొహం చూసి ఏదో అయిందని మాత్రం తెలిసింది.

"ఏందట?" అంది.

ప్రవీణే తెలుగులో చెప్పింది. "కుష్ఠు అమ్మా. భయపడకండి. మందులతో పూర్తిగా తగ్గిపోతుంది. మందు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు. చర్మం డాక్టరు కూడా చూసి, పరీక్ష చేసి ఖాయం చేస్తారు."

సత్తెమ్మ "పెద్దరోగం" అంది. అడిగినట్టు కాదు. పాత పరిచయస్థుణ్ణి గుర్తుపట్టినట్టు అంది. గోపనపల్లి చెరువు కట్ట కింద, ఊరికి దూరంగా, ఒక గుడిసె ఉండేది. ఆ గుడిసెలో మనిషికి పాలు పోయాలంటే ఆమె గిన్నె నేల మీద పెట్టి వెనక్కి జరిగేది.

"వేళ్ళు సాఫ్ అయితయా?" అని అడిగింది.

ప్రవీణ జవాబు నరేందర్‌కు చెప్పలేదు. సత్తెమ్మకే చెప్పింది. "నరం వాపు తగ్గడానికి వేరే మందు ఇస్తాం. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. ఇప్పటికే ఆలస్యమైంది. కొంత వస్తుంది. అంతా వస్తుందని చెప్పలేను అమ్మా."

ఎంత ఆలస్యమైందో నరేందర్ లెక్క వేసుకోనక్కర్లేదు. అతను 'బాగా ఏడ్చిందండి' అన్న రోజు ఆ వేళ్ళు నిటారుగానే ఉన్నాయి.

చర్మ పరీక్షలో ఖాయమైంది. మందు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. నెలనెలా వెళ్ళి మాత్రల అట్ట తెచ్చుకోవాలి. ఇంట్లో అందరినీ, దగ్గరగా మెలిగినవాళ్ళనీ కూడా పరీక్షించాలన్నారు. నరేందర్, రజిత చొక్కాలు, జాకెట్లు జరిపి వీపులు చూపించుకున్నారు. ఏమీ లేదు. తర్వాత మిగిలింది అనసూయమ్మ.

ఆఫీసులో రవికిరణ్ అడిగాడు, "అమ్మగారి మెడ ఎలా ఉందండి?" అని. "తగ్గిందండి," అన్నాడు నరేందర్. ఆ మధ్యాహ్నం ఒక కొత్త అమ్మాయి అరకొర రిపోర్టు పంపింది. అతను దాన్ని తనే పూర్తి చేసి పంపించాడు. చీవాటు పెట్టలేదు. పక్క సీటువాళ్ళు ఒంట్లో బాలేదా అని అడిగారు.

అనసూయమ్మకు ఫోన్ చేయడం వారాల తరబడి వాయిదా వేశాడు. ప్రతి ఆదివారం చేద్దామనుకునేవాడు. ఈలోగా ఆమే వచ్చింది, పెరట్లో కాసిన బీరకాయలు సంచి నిండా పట్టుకుని. సత్తెమ్మ మెడకు పట్టీ లేకపోవడం చూసి సంతోషించింది. రజిత చాయ్ ఇచ్చింది. పనిచేసే అమ్మాయి గిన్నెలు తోముతుంటే అనసూయమ్మ ఆమెకు చెప్పడం మొదలుపెట్టింది.

"మా చెల్లె సంగతి తెలుసా నీకు? ఎర్రగ కాలిన ఇనుము పెడ్తె కన్నీటి సుక్క రాలే. అక్కడ ఆరడుగుల మొగోడు లేగదూడ లెక్క ఒర్రిండు..."

నరేందర్ పనిమనిషి వెళ్ళేదాకా ఆగాడు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, అమ్మకు నొప్పి పుట్టలే. గట్టిదని కాదు. స్పర్శ లేక."

చెప్పాడు. పేరు కూడా చెప్పాడు. ఇంట్లో ఆ పేరు అతని నోటితో రావడం అదే మొదటిసారి. అనసూయమ్మ చేతిలో చాయ్ గ్లాసు ఉంది. ఆమె దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా, బల్ల మీద పెట్టింది. కొంగు దగ్గరికి లాక్కుంది.

సత్తెమ్మ చూసింది. "తాగు అక్కా," అంది. "రజిత పెట్టింది. నేను ముట్టలే."

అనసూయమ్మ మొహం ఎర్రబడింది. గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. వేడికి నోరు కాలి దగ్గింది. "నేనేమన్ననే? చల్లారనియ్య పెట్టిన," అంది. కాసేపటికి, "నేనే తీసుకపోతి కదనే నిన్ను ఆడికి," అని బీరకాయల సంచి వైపు చూస్తూ కూర్చుంది.

మరుసటి నెల అట్ట తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆమెను కూడా తీసుకెళ్ళారు. సర్కారు దవాఖాన వరండాలో బల్ల మీద అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చున్నారు, పక్కన నరేందర్. మందులకు సత్తెమ్మ ఒళ్ళు నల్లబడింది. మోచేతి నొప్పి పోయింది. ఉంగరపువేలు తెరుచుకుంది. చిటికెనవేలు సగంలో ఆగింది, ఇక అక్కడే ఉంటుందని ప్రవీణ అంది. పెనం దగ్గర ఇప్పుడు పట్కారు వాడుతుంది. రోజూ సాయంత్రం కొబ్బరినూనె రాసుకుని చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటుంది, ఎక్కడైనా కాలిందేమో, కోసుకుందేమోనని. చెయ్యి చెప్పదు కాబట్టి కళ్ళతో అడగాలి.

ఇక్కడి డాక్టరు కుర్రవాడు. అనసూయమ్మను కళ్ళు మూసుకోమని చేతి మీద సూదితో తాకాడు.

"తెలుస్తోందా అమ్మా?"

అనసూయమ్మ కళ్ళు తెరిచి నరేందర్ వైపు చూసింది. ఏం చెప్పమంటావన్నట్టు. నరేందర్ నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసుకున్నాడు. నేల చూశాడు.

"నిన్నే అడుగుతుండు అక్కా," అంది సత్తెమ్మ.

డాక్టరు మళ్ళీ తాకాడు.

"తెల్వకేం! పొడుస్తుంటివి కద! సూదా, దబ్బణమా అది?"

వరండాలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు. సత్తెమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూనే, ఎదురుగా కూర్చున్న కొత్త మనుషులు తనవైపు చూస్తున్నారని గమనించి, కుడిచేయి కొంగులోకి లాక్కుంది. ఇంట్లో తప్ప ఇప్పుడు ఎక్కడున్నా అంతే.

ఆ కొంగు మొదట కప్పింది నరేందర్. తీయమని చెప్పడానికి మాట రాక, మాత్రల అట్ట చేతిలో పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.